సత్తువయు ఓపికయు: ఫైబ్రోమయాల్జియా యందలి దేహబల విచారము

తెలుగుభాషలో దేహశక్తిని తెలుపు మాటలు పెక్కు కలవు. వానిలో రెండు నిత్యము సామాన్యుల నోట వినవచ్చునవి. ఒకటి సత్తువ, రెండవది ఓపిక. నీటిబిందెను ఎత్తలేనివారు సత్తువ లేదందురు. ఎత్తి పది అడుగులు నడచి కూలబడువారు ఓపిక లేదందురు. ఒక్కమారు ప్రయోగించు బలము సత్తువ. ఆ బలమును కొంతకాలము నిలుపుకొనగల శక్తి ఓపిక. ఓపిక యను మాటకే సహనమను అర్థమును కలదు. అదియు ఈ విషయమున అప్రస్తుతము కాదు. వ్యాయామశాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో వేఱువేఱు యంత్రములతో కొలుచు ఈ రెండు గుణములను పల్లెజనులు ఏ యంత్రమును లేకయే వేఱువేఱు పేళ్లతో గుర్తించియున్నారు.

ఫైబ్రోమయాల్జియా యను వ్యాధి ఈ రెండింటిని తగ్గించును. దేహమంతట వ్యాపించిన నొప్పి, నిద్రించినను తీరని బడలిక, తేలిక లేని నిద్ర, మఱపు ఇందలి ముఖ్య లక్షణములు. ఈ వ్యాధి గలవారిని చూచినవారికి ఏ వాపును, ఏ వంకరయు కనబడదు. రక్తపరీక్షలు సరిగానే యుండును. ఎక్సరే పటము నిర్దోషముగా నుండును. అందువలన ఇంటివారు మొదట జాలిపడుదురు, తరువాత విసుగుకొందురు, చివరకు సోమరితన మందురు. కావున ఈ వ్యాసమున విచారింపదగినవి మూడు ప్రశ్నలు. వీరి సత్తువ నిజముగనే తగ్గినదా? తగ్గినచో లోపము కండరమున నున్నదా, వేఱొకచోట నున్నదా? పోయిన సత్తువ తిరిగి వచ్చునా?

ఈ ప్రశ్నలను గాలిలో నిలుపక ఒక ఊరిని ముందుంచుకొని విచారించుట మేలు. కర్ణాటక రాష్ట్రము, తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలోని రాయచెర్లు అట్టి ఊరు. పావగడ తాలూకాను మూడువైపుల ఆంధ్రదేశము ఆవరించియున్నది. కచేరీభాష కన్నడము, పెక్కు ఇండ్లలో మాట తెలుగు. రాయచెర్లు, క్యాతగానచెర్లు మున్నగు ఊళ్లపేళ్లలో చెరువు మాట వినబడుచున్నట్లు తోచినను, వానలు తక్కువైన మెట్టసీమ ఇది. వేరుసెనగ, రాగి, కంది ఇచటి పంటలు. చెరువులు ఎండగా జనులు బోరుబావుల నాశ్రయించిరి. బోర్లు లోతైనకొలది నీటిలో ఫ్లోరైడు హెచ్చి, పావగడ పేరు ఫ్లోరైడు పీడిత ప్రాంతముల పట్టికలోని కెక్కినది. కనుక ఈ సీమలో ఎవరికి ఒళ్లునొప్పులు వచ్చినను మొదట తప్పుపట్టునది నీటినే. ఆ అనుమానము నిరాధారము కాదు. కాని నొప్పులన్నియు నీటివలన కలిగినవి కావు. ఈ భేదమును తెలిసికొననిదే సత్తువను గూర్చిన చర్చ ముందుకు సాగదు.

ఫ్లోరైడు వలన కలుగు ఎముకల వ్యాధి తెలుగువారికి క్రొత్తది కాదు. భారతదేశమున దీనిని శాస్త్రీయముగా మొదట వర్ణించినది 1937లో. షార్ట్ మున్నగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో దీనిని గుర్తించిరి. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి మాఱుపేరుగా మాఱినది. నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తొలగించు విధానమునకు నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చినది. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వఱకు మంచిది, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చును. చిరకాలము అంతకు మించిన నీటిని త్రాగినవారి ఎముకలు చిక్కబడును, స్నాయువులు సున్నపుబారి గట్టిపడును, వెన్ను వంగదు. గడ్డమును ఱొమ్మునకు తాకించుట, మోకాళ్లు వంపక వంగి కాలివ్రేళ్లను తాకుట, చేతులు రెండును తలవెనుకకు కొనిపోవుట అను మూడు పనులు చేయుమని వైద్యులు అడుగుదురు. ఈ పనులు కాకుండుట ఫ్లోరోసిస్ ఉండవచ్చుననుటకు సూచన. ఎక్సరేలో ముంజేతి ఎముకల నడిమి పొర గట్టిపడియుండుట బలమైన సాక్ష్యము.

ఫైబ్రోమయాల్జియా గలవారు ఈ మూడు పనులను నొప్పితోనైనను చేయగలరు. వారి కీళ్లు బిగిసిపోలేదు. ఉదయము లేచునపుడు ఒళ్లు పట్టినట్లుండును గాని, ఆ పట్టు కొంతసేపటికి సడలును. ఎముకయందు మార్పు లేదు. ఐనను ఈ రెండు వ్యాధులును ఒక్కరియందే ఉండకూడదను నియమము లేదు. ఫ్లోరైడు గల ఊరిలో ఫ్లోరైడు నొప్పియే చిరకాల వేదనకు బీజమై, క్రమముగా దేహమంతటి నొప్పికి దారితీయుట సంభవమే. చిరకాలపు కీళ్లవ్యాధులు గలవారియందు ఫైబ్రోమయాల్జియా ఎక్కువగా కనబడుట వైద్యులెఱిగినదే.

ఇక ఈ వ్యాధి పేరును గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1904లో లండను వైద్యుడు విలియం గవర్సు నడుమునొప్పిని గూర్చి ప్రసంగించుచు, కండరముల నడుమనున్న తంతువులు వాచుటవలన ఈ నొప్పి కలుగునని తలంచి ఫైబ్రోసైటిస్ అను పేరు పెట్టెను. వెదకగా వెదకగా ఆ వాపు కనబడలేదు. పేరు మాత్రము డెబ్బదియేండ్లు నిలిచినది. వాపు లేనపుడు వాపును తెలుపు పేరేలయని 1976లో హెంచ్ అను వైద్యుడు ఫైబ్రోమయాల్జియా అనెను. తంతువు, కండరము, నొప్పి అను మూడు మాటలు కలిసిన పేరు ఇది. కారణమును తెలుపక లక్షణమును మాత్రమే చెప్పును. 1990లో అమెరికా రుమటాలజీ కళాశాల దేహముపై 18 స్థానములను నిర్ణయించి, వ్రేలితో సుమారు 4 కిలోల ఒత్తిడి కలిగించినపుడు వానిలో 11 చోట్ల నొప్పి యుండవలెనని నియమము చేసెను. 2010లో ఆ ఒత్తుడు పరీక్షను విడిచి, నొప్పి ఎన్నిచోట్ల వ్యాపించినది, బడలిక, నిద్ర, మతిమఱపు ఎంత తీవ్రముగ నున్నవి అను లెక్కను గైకొనిరి. ఈ లక్షణములు మూడు నెలలైనను నిలిచియుండవలెను. ప్రపంచమున నూటికి ఇద్దఱు మొదలు నలుగురి వఱకు ఈ బాధ గలవారుందురని అంచనా. వీరిలో స్త్రీలు అధికము. ఆ లెక్కను అన్వయించినచో వేయిమంది వయోజనులు గల ఊరిలో 20 నుండి 40 మంది యుందురు. ఏ ఊరికిని ఇది అల్పసంఖ్య కాదు.

నొప్పి కండరమున తోచినను దాని మూలము నాడీమండలమున నున్నదని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2002లో అమెరికాలో గ్రేస్లీ మున్నగువారు రోగుల బొటనవ్రేలి గోటిపై కొలిచిన ఒత్తిడి కలిగించుచు మెదడును చిత్రించిరి. ఆరోగ్యవంతులకు 4 కిలోలకు పైబడిన ఒత్తిడివలన ఎంత నొప్పి కలిగెనో, రోగులకు దాదాపు రెండున్నర కిలోల ఒత్తిడికే అంత నొప్పి కలిగెను. మెదడులోని నొప్పిస్థానములును అదే విధముగా మేల్కొనెను. రోగి నొప్పిని అతిశయోక్తిగా చెప్పుచున్నదన్న అపవాదు ఈ చిత్రములతో చాలవఱకు వీగిపోయినది. తిరునాళ్లలో చిన్నమాటను ఊరంతయు వినబడునట్లు చేయు మైకువలె వీరి నాడీమండలము చిన్న స్పర్శను పెద్ద నొప్పిగా వినిపించును. మాట నిజమైనదే, మ్రోతయు నిజమైనదే, హెచ్చినది మైకు మాత్రమే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. సత్తువ నిజముగనే తగ్గినదా? తగ్గినది. పిడికిలి పట్టును కొలుచు యంత్రమును, మోకాలు చాచు బలమును కొలుచు యంత్రమును ఉపయోగించి అనేక దేశములలో పరీక్షలు జరిగినవి. అదే వయస్సు గల ఆరోగ్యవతులతో పోల్చినపుడు ఫైబ్రోమయాల్జియా గల స్త్రీల బలము కొన్ని పరీక్షలలో నాలుగవవంతు, కొన్నింటిలో మూడవవంతు కూడ తక్కువగా తేలినది. వారి పట్టు తమకంటె ఎంతో పెద్దవయస్సు గల స్త్రీల పట్టువలె నుండును. "చేతిలో బిందె నిలువదు" అను మాట ఊహ కాదు, కొలతకు నిలుచు మాట.

రెండవ ప్రశ్న మఱింత ఆసక్తికరమైనది. కండరము చెడినదా? సూదితో కండరపు తునుకలను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. కొన్ని చిన్న మార్పులు చెప్పబడినను, ఈ వ్యాధికే ప్రత్యేకమైన కండరనాశ మేదియు కనబడలేదు. 1990 దశకమున డెన్మార్కు వైద్యులు వేఱొక ఉపాయమును ఉపయోగించిరి. రోగిని తన శక్తికొలది మోకాలు చాచి బిగింపుమని చెప్పి, ఆ బిగింపు నడుమనే కండరమునకు చిన్న విద్యుత్తాడన మిచ్చిరి. కండరము తన బలము నంతయు అప్పటికే వెచ్చించియుండినచో ఈ తాడనము క్రొత్తబలమును చేర్పజాలదు. బలము కొంత మిగిలియుండినచో సూచిక ఒక్కసారి పైకెగయును. రోగులయందు అది తఱచు పైకెగసినది. అనగా కండరమున నిలువయున్న బలమును నాడీమండలము పూర్తిగా వినియోగింపనీయలేదు. గాదెలో గింజలుండగా తలుపు సగమే తెఱచినట్లు ఇది. రోగి కావలెనని చేసిన కపటము కాదు. నొప్పి రాబోవునను ఎఱుక దేహమునకే కళ్లెము వేయుచున్నది. దీనితో పాటు, చిరకాలము పని తగ్గించుటవలన కండరము నిజముగనే కొంత చిక్కును. ఈ రెండు కారణములును కలిసినదే బలహీనత. ఒకటి నాడీసంబంధము, రెండవది అభ్యాసలోపము. రెండింటికిని చికిత్స ఒక్కటియే యగుట విశేషము.

ఓపిక సంగతియు ఇట్టిదే. 1989లో బెనెట్ మున్నగువారు ఈ వ్యాధి గల స్త్రీలను వ్యాయామము చేయించి, వారు గ్రహించు ప్రాణవాయువును కొలిచిరి. నూటికి ఎనుబదిమందికి పైగా తమ వయస్సునకు తగిన దార్ఢ్యము లేనివారై యుండిరి. ఆఱు నిమిషములలో ఎంత దూరము నడువగలరను సులభపరీక్షలోను వీరు వెనుకబడుదురు. నిద్రయు ఇందు పాల్గొనుచున్నది. 1970 దశకమున కెనడాలో మోల్డోఫ్‌స్కీ అను వైద్యుడు ఆరోగ్యవంతులైన యువకులను గాఢనిద్ర లేకుండ చేయగా కొలది దినములలో వారికిని ఒళ్లునొప్పులు, కండరములయందు తాకిన నొప్పి కలిగినవి. దూరపు పరుగు అభ్యాసముగా గల కొలదిమందికి మాత్రము ఆ బాధ కలుగలేదని ఆ పరిశీలకులు వ్రాసిరి. చిన్న పరీక్షయే యైనను ఆలోచింపజేయునది.

ఇట నొక ఆక్షేపణ వచ్చును. అది న్యాయమైన ఆక్షేపణ. పట్టణవాసులకు వ్యాయామము లేదు, కుర్చీలలో కూర్చుండువారికి నడక బోధింపుడు. తెల్లవాఱకమునుపే లేచి, నీరు తెచ్చి, వంట చేసి, ఎండలో కలుపుదీసి, సాయంకాలము గడ్డిమోపు తలకెత్తుకొని వచ్చు స్త్రీకి వ్యాయామమేమి తక్కువ? పని చేయువారికి సత్తువ తగ్గుటయెట్లు?

సమాధానము పనికిని వ్యాయామమునకును గల భేదమున నున్నది. వేరుసెనగ చేనిలో కలుపుతీయుటను గమనింపుడు. గంటలతరబడి గొంతుకూర్చుండి, నడుము వంచి, కాలి కండరములను ఒకేరీతిగ బిగించి యుంచవలెను. ఇట్టి నిలుకడ బిగింపు ఆరోగ్యవంతులయందు నొప్పిని కొంత మఱపించును. 1996లో స్వీడను దేశమున కోసెక్ మున్నగువారు చేసిన పరీక్షలో ఫైబ్రోమయాల్జియా గల స్త్రీలయందు దీనికి విరుద్ధము కనబడినది. బిగింపు సాగినకొలది వారి నొప్పిసహనము తగ్గినది. సెనగకాయలు కోయుట, ఒలుచుట అట్టివే; చిన్న కండరములకు ఎడతెగని శ్రమ, పెద్ద కండరములకు తగిన భారము లేకుండుట. రెండవది, పనికి కొలత రైతుకూలి చేతిలో లేదు. చేను ముగియువఱకు చేయవలసినదే. నొప్పి తక్కువైన దినమున మిగిలిన పనులన్నియు ఒక్కనాడే చేసి, మఱి రెండుమూడు దినములు మంచము పట్టుట ఈ రోగులయందు సర్వసాధారణము. ఒకనాడు వఱద, మఱునాడు కఱవు. వఱద కఱవులవలన చేను పండదు. కొలిచి పెట్టిన తడివలన పండును. భారమును కొంచెము కొంచెముగ పెంచుట, నడుమ విశ్రాంతి నిచ్చుట, మరల పెంచుట అనునది వ్యాయామము. కూలిపనిలో ఈ మూడును లేవు. కావున దినమంతయు పనిచేసియు సత్తువ కోల్పోవుట వింతకాదు.

రాయచెర్లలో ఈ పనియు మాఱినది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను ఐదు గ్రామముల భూములలో సుమారు 13,000 ఎకరములను రైతులనుండి కౌలునకు గైకొని పావగడ సౌరవిద్యుత్ క్షేత్రమును నిర్మించిరి. 2018లో ప్రారంభమై 2019 డిసెంబరునాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యమున కెదిగినది. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలతో మొదలైన కౌలు భూమిగలవారికి ఊఱట యిచ్చినది. భూమిలేని కూలీలకు చేనిపని తగ్గినది. గడ్డి కోయుట, పలకలు కడుగుట, కావలి కాయుట వంటి పనులు కొందఱకు మాత్రమే దొరకినవి. చేనిపనిలో దోషములెన్ని యున్నను నడకయు ఎండయు ఉండెను. అది ఒక్కసారిగా తొలగినపుడు దేహమునకు కలుగు నష్టము మెల్లగా తెలియును. పదునైదు దినముల మంచముపట్టునకే కాలి కండరము సన్నబడుట వైద్యశాస్త్ర మెఱిగినదే. నొప్పి గలవారు పని పోయినపుడు "ఇకనైనను విశ్రాంతి దొరకినది" అని తలంతురు. ఈ వ్యాధిలో చిరవిశ్రాంతి మందు కాదు, పథ్యమును కాదు.

మూడవ ప్రశ్నకు సమాధానము ఆశాజనకమైనది. 1988లో కెనడా వైద్యుడు మెకేన్ మున్నగువారు 42 మంది రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గముచేత 20 వారములు గుండెదార్ఢ్యమును పెంచు వ్యాయామమును, మఱియొక వర్గముచేత అవయవములను సాగదీయు అభ్యాసమును చేయించిరి. మొదటి వర్గమువారి దార్ఢ్యము పెరుగుటయే గాక ఒత్తిడికి నొప్పి కలుగు స్థాయియు మెఱుగైనది. అంతవఱకు బరువులెత్తు వ్యాయామమన్న ఈ రోగులకు హానియని భయపడుచుండిరి. ఆ భయమును తొలగించినది ఫిన్లండు. 2001లో ప్రకటితమైన హాకినెన్ మున్నగువారి పరీక్షలో ఈ వ్యాధి గల స్త్రీలు 21 వారములు బలవ్యాయామము చేసిరి. వారు పొందిన బలవృద్ధి అదే శిక్షణ పొందిన ఆరోగ్యవతుల బలవృద్ధితో సమానముగా నుండెను. కండరములను మేల్కొలుపు నాడీప్రేరణయు పెరిగెను. గాదె తలుపు తెఱచుకొన్నదన్నమాట. ఈ ఒక్క ఫలితము కండరము చెడలేదనుటకు సూక్ష్మదర్శినికంటె గట్టిసాక్ష్యము. 2015లో స్వీడను దేశపు వైద్యశాస్త్రజ్ఞులు 130 మంది స్త్రీలతో జరిపిన పరీక్షలో వారమునకు రెండుమార్లు, 15 వారములు, ఎత్తగల గరిష్ఠభారములో నూటికి 40 వంతులతో మొదలిడి క్రమముగా 80 వంతుల వఱకు పెంచిరి. విశ్రామాభ్యాసము చేసిన వర్గముకంటె వీరి బలము, నడక, నొప్పి మెఱుగైనవి. తైచీ యను చీనా అభ్యాసము 226 మందిపై జరిగిన పరీక్షలో నడక వంటి వ్యాయామములతో సమానముగనో మిన్నగనో పనిచేసినదని 2018లో ప్రకటితమైనది. యోగాభ్యాసముపైనను చిన్న పరీక్షలు అనుకూల ఫలితముల నిచ్చినవి. ఐరోపా కీళ్లవ్యాధుల సంఘము 2016లో తన సూచనలను సవరించినపుడు పెక్కు చికిత్సలను పరిశీలించి, దృఢముగా అనుమోదించినది వ్యాయామము నొక్కదానినే. ప్రెగాబలిన్, డ్యులాక్సెటిన్ వంటి మందులు కొందఱికి కొంత మేలు చేయును. అంగడిలో దొరకు సాధారణ నొప్పిమాత్రలవలన ఈ వ్యాధికి ప్రయోజన మల్పము, కడుపునకును మూత్రపిండములకును చేటు అధికము.

నూటికి 40 వంతులు అను లెక్కను చూచినపుడు మన ప్రాచీన వైద్యము జ్ఞప్తికి రాకమానదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును అర్ధశక్తితో చేయుమని విధించెను. అదియు బలవంతులు, చలికాలమునను వసంతమునను. తక్కిన ఋతువులలో అంతకంటె మందముగ చేయవలెననెను. అతడు ఫైబ్రోమయాల్జియాను దృష్టియందుంచుకొని చెప్పలేదు. ప్రాచీనులకు అన్నియు తెలియునని చాటుట ఇట ఉద్దేశము కాదు. కాని సగముశక్తి యను కొలత పల్లెలో చెప్పుటకు సులభమైనది, యంత్రము అక్కఱలేదు. పదిసార్లు చేయగలిగిన పనిని ఐదుసార్లతో ఆపుట.

రాయచెర్లు వంటి ఊరిలో ఆచరణ యెట్లుండవలెను? ఫాల్గునము మొదలు ఎండ తీవ్రమగు సీమ గనుక నడక సూర్యోదయమునకు ముందో, ప్రొద్దుగ్రుంకిన తరువాతనో మేలు. మొదట ఐదు నిమిషములు చాలును. నడచుచు మాటలాడగలిగి, పాట పాడుటకు ఊపిరి చాలనంత వేగము తగినది. నాలుగైదు దినములకొక నిమిషము పెంచవలెను. నొప్పి కొంత హెచ్చుట సహజము. మఱునాటికిని తగ్గక నిలిచినచో కొలత తగ్గింపవలెను గాని మానరాదు. బలమునకై కుర్చీపైనుండి చేతులూతగొనక లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి దేహమును ముందునకును వెనుకకును త్రోయుట, నీరు నింపిన చిన్న సీసాలను ఎత్తుట వారమునకు రెండుదినములు చేసిన చాలును. నడుమ దినములు విడువవలెను. భోజనమున రాగిముద్దతో పాటు పప్పు, సెనగగింజలు, పాలు, గ్రుడ్డు తినువారైనచో గ్రుడ్డు ఉండుట అవసరము. మాంసకృత్తులు లేనిదే కండరము పెరుగదు. అభ్యాసమును మానినచో సంపాదించిన సత్తువ కొలది నెలలలో కరగిపోవును. నలుగురు స్త్రీలు కూడి చేసినచో సాగునంతగా ఒంటరిగ చేసిన సాగదు.

వ్యాయామమునకు ముందు వైద్యుని చూపు తప్పనిసరి. నొప్పి, నీరసము అనగానే ఇదే వ్యాధి యనుకొనుట ప్రమాదము. రక్తహీనత, థైరాయిడు లోపము, విటమిన్ డి లోపము ఇట్లే కనబడును. మూడును సులభముగ పరీక్షింపదగినవి, చికిత్సకు లొంగునవి. కీళ్లవాపు, జ్వరము, కారణములేని బరువుతఱుగుదల ఉన్నచో వ్యాధి వేఱు. వెన్ను బిగిసి, కాళ్లు తిమ్మిరెక్కి, నడక తడబడి, మూత్రము పట్టు తప్పినచో అది ఫ్లోరైడుబారిన వెన్నెముక నరములను నొక్కుచున్నదనుటకు సూచన కావచ్చును. అట్టివారు వ్యాయామమునకు కాదు, వెంటనే ఆసుపత్రికి పోవలెను. త్రాగునీరు శుద్ధమైనదిగా నుండవలెనన్న నియమము అందఱికిని వర్తించును.

వైద్యునితో మాటలాడు భాషయు చికిత్సలో భాగమే. ఇంట తెలుగు మాటలాడు స్త్రీ ఆసుపత్రిలో కన్నడమున "మైకై నోవు" అని ముగించును. దేహమంతయు, చేతులు కాళ్లు నొప్పియని దాని అర్థము. అందువలన ఒక మాత్ర దొరకును. తెలుగున ఆమె ఇంట చెప్పుకొను మాటలు వేఱు: సలుపు, పోటు, తీపు, లాగుడు, గుంజుడు, మంట, తిమ్మిరి, పట్టు. వీనిలో ప్రతిమాటయు వైద్యునకు ఒక దారి చూపును. పట్టు విడువకుండుట ఎముకను, కీలును తలపించును. తిమ్మిరి నరమును తలపించును. చోటు మార్చుచు దేహమంతట తిరుగు తీపు, సలుపు, వానితో నిద్రలేమి ఫైబ్రోమయాల్జియాను తలపించును. ఈ మాటలకు కన్నడమున సరియైన మాటలను పిల్లలు బడిలో నేర్చియే యున్నారు; తల్లివెంట ఆసుపత్రికి పోవు పిల్ల వానిని చెప్పగలదు.

సత్తువ పెరుగుచున్నదో లేదో ఇంటనే కొలువవచ్చును. గోడకానించిన కుర్చీపై కూర్చుండి, చేతులు ఱొమ్మున కట్టుకొని, 30 సెకనులలో ఎన్నిమార్లు పూర్తిగ లేచి కూర్చుండగలరో మఱియొకరు లెక్కింపవలెను. ఇది సత్తువకు కొలత. కొలిచిన 30 మీటర్ల సమతలపు బాటలో 6 నిమిషములు నడచి, ఎన్ని చుట్లు తిరిగినది లెక్కించుట ఓపికకు కొలత. పదునైదు దినముల కొకమారు, ఒకే వేళ, ఈ రెండు సంఖ్యలను తేదీతో కూడ గోడక్యాలెండరుపై వ్రాసి, తదుపరి వైద్యుని చూచునపుడు ఆ కాగితమును వెంట కొనిపోవలెను. మొదటి నెలలో నొప్పి తగ్గినట్లు తోచకపోయినను లేచి కూర్చుండు సంఖ్య రెండో మూడో పెరిగియుండుట తఱచు కనబడును.